తక్కువ ఖర్చులో పోషకాహారంగా డబ్బా సార్డీన్లు: ఎంతవరకు మేలు, మన పద్ధతిలో ఎలా వండుకోవాలి?

గోదావరి_బాటసారి (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. నేను టెక్సాస్‌లోని డెంటన్‌లో ఎమ్మెస్ రెండవ సెమిస్టరు చదువుతున్నాను. నలుగురం కలిసి ఒక అపార్టుమెంటులో ఉంటాము. తిండికి నెలకు నూట యాభై డాలర్లకు మించి పెట్టలేని పరిస్థితి. తరగతులు, పార్ట్‌టైమ్ పని ముగించుకొని ఇంటికి చేరేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది కనుక గత కొన్ని నెలలుగా నూడుల్స్, బ్రెడ్డు, అన్నంలో పచ్చడి తింటూ రోజులు గడిపేశాను. ఇటీవల నీరసంగా ఉంటే రక్తపరీక్ష చేయించుకున్నాను. బి12, విటమిన్ డి రెండూ తక్కువగా ఉన్నాయని డాక్టరు మాత్రలు రాసి, ఆహారం కూడా మార్చుకోమన్నారు.

దుకాణంలో సార్డీన్ చేపల డబ్బా రెండు డాలర్లకే దొరుకుతోంది. వండే పని లేదు, ఫ్రిజ్‌లో చోటు అక్కరలేదు. కానీ డబ్బాలో నెలల తరబడి ఉన్న చేపను తినడానికి మనసు ఒప్పుకోవడం లేదు. ఇది నిజంగా పోషకాహారమేనా, వారానికి ఎన్నిసార్లు తినవచ్చు, ముళ్ళు తీయాలా, నూనెలో ఉన్నది కొనాలా, నీళ్ళలో ఉన్నది కొనాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు. మా గదిలో ఇద్దరు శాకాహారులు ఉన్నారు. వారికి ఇబ్బంది కలగకుండా ఎలా వండుకోవాలో కూడా తెలిస్తే మేలు.

భీమిలి_కెరటం

బాబూ, నువ్వు కొత్త చేప అనుకుంటున్నది మన కవళ్ళే. మా భీమిలి తీరంలో వలలో పడినప్పుడు గంపలకొద్దీ వచ్చే చేప అది. నూనె ఎక్కువగా ఉండే రకాన్ని నూనె కవళ్ళు అంటాము. వంజరం, చందువ కొనలేని ఇళ్ళలో పిల్లలు కవళ్ళు, నెత్తళ్ళు తినే పెరిగారు. నేనూ అలాగే పెరిగాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రెండు నెలలూ చద్దన్నంలోకి ఎండు కవళ్ళే మాకు ఆధారం. చేపను నిలవ పెట్టుకొని తినడం మనకు కొత్త ఏమీ కాదు. మనం ఉప్పుతో, ఎండతో నిలవ చేస్తే, వాళ్ళు డబ్బాతో చేస్తున్నారు.

ముళ్ళు మాత్రం తీయకు. డబ్బాలో చేప ముల్లు మెత్తబడి ఉంటుంది, వేళ్ళ మధ్య నలిపితే పిండి అయిపోతుంది. వంట సంగతి తరువాత వివరంగా రాస్తాను.

పప్పు_లెక్క

నేను న్యూజెర్సీలో ఉంటాను. డబ్బా చేపకు నేను వ్యతిరేకిని కాను, కానీ "చవక" అన్న మాటను ఒకసారి లెక్క వేసి చూడమని విద్యార్థులకు మనవి చేస్తున్నాను.

మామూలు చదరపు డబ్బాలో నూనె వంచేసిన తరువాత మిగిలే చేప సుమారు 92 గ్రాములు. అందులో ప్రోటీన్ 22, 23 గ్రాములు ఉంటుంది. అంటే రెండు డాలర్లకు 22 గ్రాములు. అదే రెండు డాలర్లకు నాకు ఇండియన్ స్టోరులో ఒక పౌను కందిపప్పు వస్తుంది. పౌను అంటే 454 గ్రాములు, వందకు 22 గ్రాముల చొప్పున దాదాపు వంద గ్రాముల ప్రోటీన్. నాలుగున్నర రెట్లు తేడా. కోడిగుడ్లు, కోడి లెగ్ పీసులు కూడా ఈ లెక్కలో డబ్బా చేప కంటే ముందే ఉంటాయి. ఇంకొక సంగతి చెబితే ఆశ్చర్యపోతారు: 92 గ్రాములకు రెండు డాలర్లు అంటే పౌనుకు పది డాలర్లు పడినట్టు. మా దగ్గర పచ్చి సాల్మన్ ముక్క కూడా కొన్ని వారాల్లో అదే ధరకు వస్తుంది.

కనుక డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసిన మొత్తం బరువును చూసి కొనవద్దు. నూనె తీసేసిన బరువు వేరుగా రాసి ఉంటే దాన్ని పట్టుకొని ధరను భాగించండి. ఐరోపా, మొరాకో డబ్బాల మీద 125 గ్రాములని ఉన్నా లోపలి చేప 90 గ్రాములకు అటూ ఇటూగానే ఉంటుంది.

ఆహార_విద్యార్థిని

పప్పు_లెక్క గారి లెక్క సరైనదే. అయితే ఆయన ఒక్క ప్రోటీన్‌నే తూకం వేశారు. గోదావరి_బాటసారి గారికి తక్కువైనది ప్రోటీన్ కాదు, బి12, విటమిన్ డి. ఈ రెండూ కందిపప్పులో లేవు. ఎంత పప్పు తిన్నా అవి రావు.

నేను హైదరాబాదులో పోషకాహార శాస్త్రం చదువుతున్నాను. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల ప్రకారం నూనెలో నిలవ చేసి, నూనె వంచేసిన ముళ్ళతో కూడిన సార్డీన్ 100 గ్రాములలో 208 కేలరీలు, 24.6 గ్రాముల ప్రోటీన్, 382 మిల్లీగ్రాముల కాల్షియం, 2.9 మిల్లీగ్రాముల ఇనుము, దాదాపు 9 మైక్రోగ్రాముల బి12, 4.8 మైక్రోగ్రాముల విటమిన్ డి ఉంటాయి. పెద్దలకు రోజుకు కావలసిన బి12 అమెరికా ప్రమాణాల ప్రకారం 2.4 మైక్రోగ్రాములే. ఒక్క డబ్బాలో దానికి మూడు రెట్లకు పైగా వస్తుంది. కాల్షియం ఒక గ్లాసు పాలలో ఉన్నంత, కొంచెం ఎక్కువే. విటమిన్ డి రోజుకు కావలసిన 15 మైక్రోగ్రాములలో మూడో వంతుకు కాస్త తక్కువ. వీటితో పాటు గుండెకు మేలు చేసే ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అనే ఒమేగా-3 కొవ్వులు రెండూ కలిపి డబ్బాకు దాదాపు 0.9 గ్రాములు. అవిసె గింజలలో ఉండే ఒమేగా-3 వేరే రకం. మన శరీరం దాన్ని ఈ రూపంలోకి మార్చుకోగలిగేది చాలా కొద్దిగా మాత్రమే.

సాల్మన్‌తో పోల్చినప్పుడు కూడా ఒక తేడా గమనించాలి. పచ్చి ముక్క వండితే నీరు పోయి బరువు తగ్గుతుంది. ముల్లు తీసిన ముక్కలో కాల్షియం దాదాపు ఉండదు. సార్డీన్‌లో ఆ కాల్షియం ముళ్ళలోనే ఉంది. భీమిలి_కెరటం గారు ముళ్ళు తీయవద్దన్నది అందుకే ఎంతో విలువైన సలహా. ముల్లు, చర్మం తీసేసిన రకం డబ్బాలు ఎక్కువ ధరకు అమ్ముతారు. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ పోషణ కొనుక్కున్నట్టు అవుతుంది.

ఒక ముఖ్యమైన మాట: డాక్టరు ఇచ్చిన మాత్రలను ఈ చేప తింటున్నామని మానవద్దు. లోపం తీరేవరకు మందు మందే, ఇది దానికి తోడు.

కాకినాడ_శీతలం

నేను చాలా ఏళ్ళు చేపల శుద్ధి కర్మాగారంలో నాణ్యత విభాగంలో పని చేశాను. "నెలల తరబడి ఉన్న చేప" అన్న భయం గురించి రాస్తాను, ఎందుకంటే ఈ భయం చాలామందిలో చూశాను.

కవళ్ళలో కొవ్వు ఎక్కువ, కండరాలలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. పట్టిన చేపను మంచులో పెట్టకుండా కొన్ని గంటలు వదిలేస్తే సూక్ష్మజీవులు ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తాయి. అది తింటే ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఒకసారి పుట్టిన హిస్టమిన్ ఎంత ఉడికించినా పోదు. అందువల్ల డబ్బా కట్టే చోట చేప ఎంత తాజాగా లోపలికి వచ్చిందన్నదే మొదటి పరీక్ష. తరువాత తల, పేగులు తీసి, ఉప్పు నీటిలో ఉంచి, ఆవిరి పట్టి, డబ్బాలో పేర్చి, నూనె లేదా టమాటా సాసు పోసి గాలి చొరకుండా మూత బిగిస్తారు. ఆ తరువాత డబ్బాతో సహా పీడనంలో, నీరు మరిగే వేడి కంటే ఎక్కువ వేడిలో, సాధారణంగా 115 నుంచి 121 డిగ్రీల మధ్య ఉడికిస్తారు. మన ప్రెషర్ కుక్కరు సూత్రమే ఇది. బాట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషాన్ని కలిగించే క్రిమి బీజాలు మామూలుగా మరిగిస్తే చావవు, ఈ వేడికి చస్తాయి. ముల్లు మెత్తబడేది కూడా ఇక్కడే. చేప నిలవ ఉండేది ఆ వేడి వల్ల, బిగించిన మూత వల్ల. నిలవ రసాయనాలు కలపవలసిన అవసరమే లేదు. కావాలంటే డబ్బా వెనుక చదవండి, మంచి రకాలలో చేప, నూనె, ఉప్పు అని మూడే ఉంటాయి.

అయితే డబ్బా బాగుండాలి. ఉబ్బిన డబ్బాను తెరవకుండానే పారవేయండి, రుచి చూడడం కూడా వద్దు. అంచు అతుకు మీద లోతైన సొట్ట ఉన్నా, తుప్పు లోపలికి దిగినా కొనవద్దు. తెరిచిన తరువాత మిగిలితే గాజు గిన్నెలోకి మార్చి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రెండు రోజుల్లో ముగించండి. డబ్బాను మైక్రోవేవ్‌లో పెట్టవద్దని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

మరొక చిన్న సంగతి. సార్డీన్ అంటే ఒకే చేప కాదు. ఐరోపా సమాఖ్య చట్టంలో పక్కన ఏ మాటా చేర్చకుండా వట్టి "సార్డీన్" అనే పేరుతో అమ్మదగినది సార్డినా పిల్కార్డస్ అనే రకం ఒక్కటే. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణంలో మన నూనె కవళ్ళతో సహా ఇంకా చాలా రకాలకు, పక్కన గుర్తింపు పదం చేర్చి, ఆ పేరు వాడుకునే వీలుంది. నార్వే నుంచి వచ్చే సన్నని "బ్రిస్లింగ్" నిజానికి స్ప్రాట్ అనే వేరే చేప. రుచిలో తేడాలు కనిపించేది అందుకే. మొదటి డబ్బా నచ్చకపోతే అంతటితో ఆపేయకుండా వేరే రకం చూడండి.

జగిత్యాల_ప్రవాసి

పద్నాలుగేళ్ళుగా దుబాయిలో ఉంటున్నాను. మొదటి ఆరేళ్ళు లేబర్ క్యాంపులో, ఒక గదిలో ఎనిమిది మందిమి. ఉదయం నాలుగున్నరకు బస్సు ఎక్కాలి, వంటగదిలో వంతు రావాలంటే అర్ధరాత్రి దాకా ఆగాలి. మధ్యాహ్నానికి కట్టుకుపోయిన అన్నం, కూర ఎండకాలంలో పని స్థలానికి చేరేసరికే పులిసిపోయేవి. అలాంటి చోట ఒక సార్డీన్ డబ్బా, రెండు ఖుబ్బూస్ రొట్టెలు, ఒక ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ మమ్మల్ని నిలబెట్టాయి. తినే ముందు తెరిస్తే చాలు, పాడైపోతుందన్న దిగులు లేదు. మా ఊరి వాళ్ళం సముద్రం చూసి ఎరుగము, చెరువు చేపలైన బొచ్చె, రవ్వ తప్ప వేరేవి తినలేదు. మొదట్లో ఆ వాసన పడలేదు. నిమ్మకాయ పిండి, మిరియాల పొడి చల్లుకోవడం మా కేరళ మేస్త్రీ నేర్పాడు. వాళ్ళు దీన్ని మత్తి అంటారు, ప్రాణంగా తింటారు.

పప్పు_లెక్క అన్నా, నీ లెక్క ఇంట్లో పొయ్యి, కుక్కరు, తీరిక ఉన్నవానికి సరిపోతుంది. పప్పు ఉడికించే వీలు లేని వాడు ఆ పూట హోటలులో తింటే ఎంత అవుతుందో, లేక తినకుండా పని చేస్తే ఏమవుతుందో కూడా కలిపి చూడాలి. నేను తినకుండా పని చేసిన రోజులు కూడా ఉన్నాయి, అందుకే చెబుతున్నాను.

ఒక హెచ్చరిక. మా గదిలో ఒకాయన రోజూ రెండు డబ్బాల చొప్పున తినేవాడు. ఆయనకు ముందే యూరిక్ యాసిడ్ సమస్య ఉంది. కాలి బొటనవేలి కీలు వాచి పది రోజులు పనికి పోలేకపోయాడు. డాక్టరు మొదట ఆపమన్నది ఈ చేపనే.

ఆహార_విద్యార్థిని

జగిత్యాల_ప్రవాసి గారు చెప్పినది చాలా ముఖ్యం. సార్డీన్లలో ప్యూరిన్లు అనే పదార్థాలు ఎక్కువ, అవి శరీరంలో యూరిక్ యాసిడ్‌గా మారతాయి. గౌట్ అనే ఈ కీళ్ళవాపు జబ్బు ఉన్నవారు దూరంగా ఉండడమే మంచిది. రక్తపోటు ఉన్నవారు సోడియం చూడాలి. ఒక్కో డబ్బాలో మూడు, నాలుగు వందల మిల్లీగ్రాములు సులువుగా ఉంటుంది. రోజంతటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు రెండు వేలు. కనుక ఈ చేపతో వండే కూరలో ఉప్పు చివర రుచి చూసి వేయండి. ఊరగాయ పక్కన పెట్టుకోవడం ఆ పూటకు మానండి.

పాదరసం గురించి ఎవరైనా అడిగే లోపే రాస్తున్నాను. సార్డీన్ చిన్న చేప, ప్లవకాలను, అంటే నీటిలో తేలే సూక్ష్మ జీవులను, తిని బతుకుతుంది, తక్కువ కాలమే జీవిస్తుంది కనుక దాని ఒంట్లో పాదరసం పెద్దగా పేరుకోదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. కొలతల్లో సగటున సార్డీన్‌లో పది లక్షల భాగాలకు 0.013 భాగాలు ఉంటే, డబ్బాలో వచ్చే ఆల్బకోర్ అనే రకం ట్యూనా చేపలో 0.35 భాగాలు ఉంది. గర్భిణులకు, పిల్లలకు ఆ సంస్థ ఉత్తమమైనవిగా సూచించే చేపల వరుసలో సార్డీన్ ఉంది.

లీడ్స్_నివాసి

ఇంగ్లండులో ఉన్న తెలుగువారి కోసం రెండు మాటలు. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవా సంస్థ ఎన్.హెచ్.ఎస్. వారానికి కనీసం రెండు సార్లు చేప తినమని, అందులో ఒకసారి నూనె గల చేప ఉండాలని సూచిస్తుంది. ఒకసారి అంటే వండిన చేప 140 గ్రాములు. నూనె గల చేప వారానికి నాలుగు సార్లకు మించవద్దని, ముందు ముందు గర్భం దాల్చే అవకాశం ఉన్న అమ్మాయిలు, స్త్రీలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు రెండు సార్లకు మించవద్దని కూడా చెబుతుంది. డబ్బా ట్యూనా నూనె గల చేపల లెక్కలోకి రాదు, సార్డీన్ వస్తుంది. చాలామంది మనవాళ్ళు ట్యూనా కొని ఒమేగా-3 తింటున్నామనుకుంటారు.

అక్టోబరు నుంచి మార్చి దాకా ఇక్కడి ఎండలో మన చర్మం విటమిన్ డి తయారు చేసుకోలేదు. ఆ నెలల్లో రోజుకు 10 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమని అందరికీ సలహా ఇస్తారు. నేను మాత్రతో పాటు వారానికి రెండు డబ్బాలు తింటాను. టోస్టు మీద టమాటా సాసు సార్డీన్లు వేసి, పైన కొంచెం కారం, ధనియాల పొడి చల్లి గ్రిల్లు కింద మూడు నిమిషాలు పెడితే ఉదయం పూట తిండి అయిపోతుంది.

భీమిలి_కెరటం

ఇక వంట. డబ్బా చేప అప్పటికే ఉడికినదని గుర్తు పెట్టుకుంటే సగం వంట వచ్చినట్టే. పచ్చి చేపలాగా పులుసులో పదిహేను నిమిషాలు మరిగిస్తే ముద్ద అయిపోతుంది.

పులుసుకు టమాటా సాసు డబ్బా మంచిది. నూనెలో మెంతులు, ఆవాలు, కరివేపాకు వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, చీల్చిన పచ్చిమిర్చి బాగా మగ్గనివ్వాలి. అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ధనియాల పొడి వేసి వేగాక చింతపండు పులుసు పోసి, నూనె పైకి తేలేదాకా మరగనివ్వాలి. పులుసు పూర్తిగా తయారయ్యాక మాత్రమే చేపను సాసుతో సహా జారవిడిచి, మంట తగ్గించి నాలుగు నిమిషాలు ఉంచి దించేయాలి. గరిటె పెట్టవద్దు. గిన్నె అంచులు గుడ్డతో పట్టుకొని ఒకసారి కుదిపితే చాలు. వేసవిలో చింతపండు తగ్గించి పచ్చి మామిడికాయ ముక్కలు వేసుకో, కవళ్ళకు మామిడికాయకు ఉన్న పొందిక వేరు. పులుసు మరునాటికి ఇంకా బాగుంటుంది. రెండు డబ్బాలతో చేస్తే నీకు రెండు పూటలు గడుస్తాయి.

నూనె డబ్బా అయితే పొడి కూర చెయ్యి. ఆ నూనెను పారబోయకు, చేపలోని మంచి కొవ్వు కొంత అందులోకి దిగి ఉంటుంది. దానితోనే పోపు పెట్టి, ఉల్లిపాయ ఎర్రగా వేయించి, మిరియాలు, వెల్లుల్లి దంచి వేసి, చివర చేపను చిదిపి కలిపి, నిమ్మరసం పిండితే వేడి అన్నంలోకి, చపాతీలోకి సరిపోతుంది. నీళ్ళలో ఉన్న రకం చప్పగా ఉంటుంది. బరువు తగ్గాలనుకునేవారికి తప్ప నేను సలహా ఇవ్వను.

మీ శాకాహారి మిత్రుల విషయం. నీ మూకుడు, గరిటె, పళ్ళెం వేరుగా పెట్టుకో, వారి గిన్నెలు ముట్టుకోకు. వాళ్ళు ఇంట్లో లేని సమయం చూసుకొని కిటికీ తీసి వండు. ఖాళీ డబ్బాను వెంటనే వేడి నీళ్ళతో కడిగి, సంచిలో చుట్టి బయటి చెత్త తొట్టిలో వేసి రా, వాసన నిలిచేది దానివల్లే. ముందుగా వాళ్ళకు ఒక మాట చెప్పి మొదలుపెట్టు నాన్నా. అడిగి చేసిన పనికి, దాచి చేసిన పనికి తేడా ఉంటుంది.

పప్పు_లెక్క

జగిత్యాల తమ్ముడి మాటతో ఏకీభవిస్తున్నాను. నా లెక్కలో పొయ్యి, సమయం లేవు, చేర్చవలసింది. ఆహార_విద్యార్థిని గారి మాట కూడా ఒప్పుకుంటున్నాను. కడుపు నింపేందుకు పప్పు, గుడ్లు, వాటిలో లేని వాటి కోసం వారానికి రెండు మూడు డబ్బాలు: ఇలా అయితే డబ్బాల ఖర్చు వారానికి ఆరు డాలర్లు దాటదు.

ఇంకా తగ్గించాలనుకునేవారికి ఒక మార్గం ఉంది. అమెరికా దుకాణాల్లో 15 ఔన్సుల పొడవాటి డబ్బాలో జాక్ మాకరెల్ దొరుకుతుంది. మన కానాగంతల వంటి చేప. ముళ్ళతోనే ఉంటుంది, 100 గ్రాములకు 23 గ్రాముల ప్రోటీన్, 241 మిల్లీగ్రాముల కాల్షియం. నేను వెళ్ళే దుకాణంలో గ్రాముల లెక్కన సార్డీన్ ధరలో సగం కూడా పడదు. కింగ్ మాకరెల్ అనేది మాత్రం వేరే చేప, పాదరసం ఎక్కువ, గర్భిణులు దాన్ని తినకూడదు.

కాకినాడ_శీతలం

కానాగంతల ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క మాట. ఆ చేప శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిజర్ కనగుర్త. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో రెండు వందల చేపలను సేకరించి 1803లో బొమ్మలతో అచ్చు వేయించిన పుస్తకంలో మన జాలరులు చెప్పిన పేరునే రాసుకున్నాడు. ప్రపంచమంతా ఇప్పటికీ ఆ చేపను తెలుగు పేరుతో పిలుస్తోంది.

స్వదేశంలో ఉన్నవారికి: ఇక్కడ డబ్బా సార్డీన్ చవక కాదు, దిగుమతి డబ్బా ఒక్కటి కొనే డబ్బుకు రేవులో తాజా కవళ్ళు ఇంటిల్లిపాదికీ వస్తాయి. విశాఖ, కాకినాడ, ఉప్పాడ వైపు ఉన్నవారు డబ్బా జోలికి పోనక్కరలేదు. తాజా కవళ్ళను కుక్కరులో చింతపండు పులుసుతో ఎక్కువ సేపు ఉడికిస్తే ముల్లు కూడా మెత్తబడుతుంది.

గోదావరి_బాటసారి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. గదిలోని మిత్రులతో మాట్లాడాను. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ గుడికి వెళ్ళే సమయంలో వండుకోమన్నారు, వెనుక వైపు కిటికీ దగ్గరి పొయ్యి నాకు వదిలారు. నిన్న భీమిలి_కెరటం అమ్మ చెప్పినట్టే రెండు డబ్బాలతో పులుసు పెట్టాను. ఉప్పు వేయవలసిన అవసరమే రాలేదు. ముల్లు ఎక్కడ ఉందో కూడా తెలియలేదు. ఈ రోజు రాత్రి పదకొండు గంటలకు ఇంటికి వచ్చి మిగిలిన పులుసుతో అన్నం తిన్నాను. కాకినాడ_శీతలం గారు చెప్పిన రెండు రోజుల గడువు రేపటితో ముగుస్తుంది కానీ గిన్నెలో ఏమీ మిగలలేదు.

మళ్ళీ రక్తపరీక్ష మూడు నెలల తరువాత. ఫలితం ఇక్కడే రాస్తాను. ఒక సందేహం మిగిలింది: పచ్చి మామిడికాయ ఇక్కడ ఇండియన్ స్టోరులో గడ్డకట్టించిన ముక్కలుగానే దొరుకుతోంది. అది పులుసులో వాడవచ్చా అమ్మా?

భీమిలి_కెరటం

వాడవచ్చు నాన్నా. గడ్డ విడిపోయేదాకా బయట పెట్టకు, అలాగే మరిగే పులుసులో వెయ్యి. పులుపు తక్కువగా ఉంటుంది కనుక చింతపండు పూర్తిగా మానేయకుండా నిమ్మకాయంతలో సగం ఉంచుకో.